లింటర్ నోరు మూయించే ఆ ఒక్క కామెంట్ ఎక్కడ పుట్టింది?

కోడ్ రాసేవాళ్ళకి ఇది రోజూ ఉండేదే. లైన్ కింద ఎర్ర గీత వస్తుంది. దాని పైన "ఈఎస్‌లింట్ డిజేబుల్ నెక్స్ట్ లైన్" అని ఒక కామెంట్ పెడతాం, గీత మాయం. ఈ అలవాటు వయసు మనలో చాలామంది వయసు కంటే ఎక్కువ.

1978, అమెరికాలోని బెల్ ల్యాబ్స్. స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన (యాక్ రాసింది కూడా ఈయనే) లింట్ అనే ప్రోగ్రామ్ రాశాడు. లింట్ అంటే బట్టలకి అంటుకునే నూగు. గుడ్డ మంచిదే, నూగు దులుపుకోవాలి అంతే. అప్పుడు యూనిక్స్‌ని కొత్త మెషీన్ల మీదకి మారుస్తున్నారు. ఆనాటి సీ కంపైలర్‌కి మొహమాటం ఎక్కువ. ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాల్సిన చోట రెండే ఇచ్చినా కిక్కురుమనదు. అలాంటివి పట్టుకోడానికే లింట్.

అయితే లింట్ కోడ్‌ని నడపదు, చదువుతుంది. ఎగ్జిట్ అని పిలిచాక ప్రోగ్రామ్ ముగిసిపోతుందని మనకి తెలుసు, దానికి తెలీదు. అందుకే జాన్సన్ కొన్ని కామెంట్లు పెట్టాడు. "నాట్ రీచ్డ్" అని రాస్తే, ఇక్కడిదాకా ఎవరూ రారు అని. "ఆర్గ్స్‌యూజ్డ్" అని రాస్తే, ఈ ఫంక్షన్‌లో వాడని ఆర్గ్యుమెంట్ల గురించి అడగకు అని. కామెంట్‌నే ఎందుకు ఎంచుకున్నాడు? కంపైలర్ కామెంట్‌ని పట్టించుకోదు కాబట్టి. ప్రోగ్రామ్‌లో ఒక్క ముక్క కూడా మారదు. నాకు భలే నచ్చిన ఐడియా ఇది.

ఇంకోటి గమనించండి. "నాట్ రీచ్డ్" అనేది కోడ్ గురించి ఒక నిజం చెబుతోంది. మనం ఇప్పుడు రాసే "డిజేబుల్" ఏ నిజమూ చెప్పదు, ఊరికే ఉండమంటుంది. ఈ తేడా చిన్నదనుకుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కథ వినండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రాండమ్ నంబర్లు తయారుచేసే ఫైల్ ఒకటి ఉంది. అందులో అచ్చం ఒకేలా కనిపించే లైన్ రెండు చోట్ల ఉండేది. ఒకచోట అది తీసేసినా పెద్ద నష్టం లేదు. రెండోచోట అదే ప్రాణం, అసలైన రాండమ్ డేటా లోపలికి వెళ్ళేది అక్కడే. మొదటి దాని పక్కన, ప్యూరిఫై అనే టూల్ గోల పెడుతోందని ఒక కామెంట్ ఉంది. గోల ఎవరిదో రాశారు, ఆ లైన్ ఏం చేస్తుందో రాయలేదు.

2006లో డెబియన్ వాళ్ళకి వాల్‌గ్రైండ్ అనే ఇంకో టూల్ నుంచి అలాంటి వార్నింగే వచ్చింది. రెండు లైన్లూ కామెంట్‌లో పెట్టేశారు. వార్నింగ్ పోయింది, దాంతోపాటు రాండమ్‌నెస్సూ పోయింది. మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. అంటే ఒక రకం, ఒక సైజు కీకి సుమారు 32 వేల అవకాశాలు. మామూలు ల్యాప్‌టాప్ అన్నిటినీ లెక్కేసేయగలదు! 2008 మే నెలలో లూసియానో బెల్లో బయటపెట్టేదాకా దాదాపు 20 నెలలు డెబియన్, ఉబుంటు సర్వర్లు అలాంటి కీలు తయారుచేస్తూనే ఉన్నాయి. ప్యాచ్ వేస్తే సరిపోలేదు, పాత కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

ఇక ఇప్పటి టూల్స్. పైథాన్‌లో ఉత్త "నోక్యూఏ" పెడితే ఆ లైన్‌లో అన్ని వార్నింగులూ పోతాయి, రేపు వచ్చే కొత్తదీ పోతుంది. పక్కన ఈ501 లాంటి కోడ్ రాస్తే అదొక్కటే పోతుంది. రివ్యూలో ఉత్త నోక్యూఏ కనిపిస్తే నేనైతే వెనక్కి పంపేస్తా. ఈఎస్‌లింట్‌లో 2020 నుంచి రూల్ పేరు తర్వాత రెండు గీతలు పెట్టి కారణం కూడా రాయొచ్చు. అదే ఏడాది టైప్‌స్క్రిప్ట్‌లో "టీఎస్ ఎక్స్‌పెక్ట్ ఎర్రర్" వచ్చింది. దాని కింద లైన్‌లో తప్పు లేకపోతే అదే ఎర్రర్ అవుతుంది, అంటే అవసరం తీరిన కామెంట్ తనంతట తనే దొరికిపోతుంది. రస్ట్‌లోనూ 2024లో "ఎక్స్‌పెక్ట్" వచ్చింది. అది కామెంట్ కాదు, భాషలోనే భాగం. కారణం రాసుకోడానికి అందులో విడిగా చోటు కూడా ఉంది.