కాగతే

నేపాల్‌లో ఖాట్మండుకు తూర్పున ఉన్న రామేఛాప్ జిల్లా కొండపల్లెల్లో సుమారు 1,500 మంది మాట్లాడే టిబెటన్ కుటుంబపు భాష ఇది. దీని దగ్గరి చుట్టం యోల్మో భాష. పేరు వినగానే తెలుగు చెవికి ఏదో తట్టాలి. అవును, మన కాగితమే! పారశీక ‘కాగజ్’ ఇటు కాగితమైంది, అటు నేపాలీలో ‘కాగత్’ అయింది. కాగతే అంటే కాగితం చేసేవాడు. లోక్తా పొద లోపలి బెరడును ఉడకబెట్టి, దంచి, ఆ గుజ్జును చట్రాల మీద పలచగా పరిచి ఎండబెట్టడం ఈ భాష మాట్లాడేవాళ్ల పూర్వుల వృత్తి. అయితే కాగతే ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు. తమ భాషలో వీళ్లు ‘స్యూబా’. అర్థం మాత్రం అదే. మనమూ స్యూబా అనే పిలుద్దాం.