సత్యభామ జడ

మా నెల్లూరు జిల్లా అల్లూరు వైపు పెళ్ళికూతురికి జడ వేయడం ఒక పూట పని. సవరం కలిపి పొడవు పెంచాలి. నెత్తిన సూర్యుడు, చంద్రవంక, రాగిడి పెట్టాలి. వెన్ను పొడవునా జడబిళ్ళలు, చివర జడగంటలు, ఆపైన మల్లెలు. అంతా అయ్యాక ఫొటోగ్రాఫరు పిల్లను వీపు తిప్పి కూర్చోమంటాడు. ఆ జడ వేసింది నలుగురూ చూడ్డానికే మరి!

ఈ చూపించడంలోని రహస్యం కూచిపూడి వాళ్ళకు ఏనాడో తెలుసు. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ కనిపిస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, వెనక నుంచి భామ తన జడను తెర మీదుగా సభవైపు వేస్తుంది. నన్ను ఓడించగలిగిన వాళ్ళెవరైనా ఉంటే వచ్చి ఈ జడ కోసుకోండి అని సవాలు. ఒక్క మాటా పలకకముందే పాత్ర అహం, అందం, పొగరు అన్నీ సభకు చేరిపోతాయి. ఇక విశేషమేమంటే, సంప్రదాయంలో ఆ జడ వేసుకున్నది మగవాడు. కూచిపూడి భాగవతుల ఇళ్ళలో పుట్టిన మగవాడు బతుకులో ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్నది ఊరి ఆనవాయితీ.

పడమటి పండితులు దీన్నే సిద్ధాంతం చేశారు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో వెలువరించిన పుస్తకంలో, రోజువారీ బతుకులోనూ మనిషికి తెర ముందు ఒక తీరు, తెర వెనక ఒక తీరు ఉంటాయన్నాడు. ఆడతనం, మగతనం కూడా మళ్ళీ మళ్ళీ చేసి చూపడం వల్లే నిలబడతాయని జూడిత్ బట్లర్ 1990లో వాదించింది. ఈ లెక్కన పెట్టెలో మడతపెట్టిన చీర సగం చీరే. కట్టి, నడిచి, నలుగురూ చూస్తేనే అది పూర్తవుతుంది. ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్ళు నేత, రంగు, ధర దగ్గరే ఆగిపోవడం నాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది.

పరిశోధకురాలు హర్షిత మృత్తింటి కామత్ అక్కడ ఆగలేదు. 2019లో వచ్చిన 'ఇంపర్సనేషన్స్' పుస్తకంలో కూచిపూడి స్త్రీవేషాన్ని ఈ చూపుతోనే పరిశీలించింది. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి వారి వేషధారణ ఆ ఊరి బ్రాహ్మణ మగవారికి గౌరవం ఎలా తెచ్చిందో, మద్రాసులో వెంపటి చినసత్యం శిక్షణలో ఆడపిల్లలు భామలయ్యాక ఆ గౌరవం ఎలా సడలిందో చెప్పింది. పాత్ర అదే, జడా అదే. ధరించిన మనిషి మారేసరికి దాని అర్థం మారిపోయింది.

పద్యనాటకాలదీ ఇదే కథ. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా ఆడవాళ్ళనే మురిపించాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. అటు మహారాష్ట్రలో స్త్రీవేషాలు వేసిన నటుడు బాలగంధర్వ కట్టిన చీరలను చూసి ఇల్లాళ్ళు అలాగే కట్టుకున్నారు. వేదిక ఇంటినుంచి తెచ్చుకుంది, ఇల్లు వేదికనుంచి తెచ్చుకుంది.

తిరునాళ్ళలో నాటకాలాడిన ఊళ్ళు మన నెల్లూరు జిల్లాలో బోలెడు. వేషాల తాలూకు పాత ఫొటోలు, సవరాలు, జడబిళ్ళలు మీ ఇంట్లో ఉంటే పారేయకండి. ఏ వేషం, ఏ ఊరు, ఏ ఏడాది అన్నది ఒక కాగితం మీద రాసి వాటితోపాటే ఉంచండి.