రంగును మింగే నలుపు

బొగ్గు ఎంత సమర్థమైనదో తేల్చడానికి నీలిరంగు వాడతారని తెలిసిన రోజు భలే సరదా వేసింది. మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లలో బొగ్గుపొడి వేసి కుదుపుతారు. గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాముల రంగు పట్టుకుంటే దానికి అన్ని మార్కులు. అద్దకపు రంగే కొలబద్ద! మరి అద్దకం కార్ఖానాల మురుగునీటికి బొగ్గు వాడాలని మొదట ఎవరికి తట్టిందో చూద్దామని వెనక్కి వెళ్తే, 1785 నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓ మందుల తయారీశాలలో తేలాను.

అక్కడ తోబియాస్ లోవిట్స్ అనే అతను టార్టారిక్ ఆమ్లాన్ని స్ఫటికాలు కట్టించబోతే ద్రావణం గోధుమరంగుకు తిరిగి విసిగించేది. బొగ్గుపొడి కలిపాడు, తేటపడింది. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. ధాన్యపు సారా, కంపు కొట్టే నీళ్లు, అన్నిటికీ బొగ్గే మందు. ఓడల్లో తాగునీరు చెడకుండా పీపాల్లో బొగ్గు వేయమన్నాడు. రష్యన్లు వోడ్కాను బొగ్గుతో శుద్ధి చేయడం వెనకా అతని మాట ఉంది.

ఇతని తండ్రి ఖగోళ శాస్త్రవేత్త. 1774లో తిరుగుబాటు నాయకుడు పుగచోవ్‌కి చిక్కాడు. నక్షత్రాలు చూసేవాడని విని, అయితే వాటికి దగ్గరగా ఉరితీయమన్నాడట. పుష్కిన్ రాసిపెట్టిన కథ ఇది. అప్పటికి తోబియాస్‌కి పదిహేడేళ్లు. బొగ్గుకీ దీనికీ సంబంధం లేదు, కానీ వదలబుద్ధి కాలేదు.

తర్వాత కథ చక్కెర వాళ్ల చేతికి పోయింది. 1811లో ఫ్రాన్సులో ఫిగియే అనే అతను ఎముకల బొగ్గు కర్రబొగ్గు కంటే బాగా రంగు విరుస్తుందని చూపించాడు. ఆపైన దాదాపు నూరేళ్లు బొగ్గు పంచదార తెల్లబరుస్తూనే గడిపింది. 1900 ప్రాంతంలో ఓస్ట్రెయ్కో అనే అతని పేటెంట్లతో ఆవిరి పట్టించిన ‘యాక్టివేటెడ్’ బొగ్గు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువును ఆపే ముసుగుల్లో నింపే బొగ్గు కోసం కొబ్బరి చిప్పలకు గిరాకీ పెరిగింది.

బొగ్గును పాలతో కడిగినా నలుపు పోదంటారు. పోకపోతేనేం, ఎదుటిదాని రంగు లాగేస్తుంది! గ్రాము మంచి యాక్టివేటెడ్ బొగ్గులోని సన్నని బెజ్జాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. రంగు అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి, దీన్నే అధిశోషణం అంటారు. కరిగిపోవడం కాదు, కాలిపోవడమూ కాదు.

బొగ్గు నీళ్లను తేటపరుస్తుందన్న సంగతే మనం మర్చిపోయాం. ఇసుక, బొగ్గు, గులకరాళ్లు పోసి ఒకదానిమీద ఒకటి పెట్టిన కుండల వడపోత బొమ్మను బళ్లో గీశాం, మార్కులు తెచ్చుకున్నాం, కుండలు పగిలాక కొత్తవి కొనలేదు. అటు తిరుప్పూరులో అద్దకపు నీళ్లు నొయ్యల్ నదిని పాడుచేస్తే, 2011లో మద్రాసు హైకోర్టు యూనిట్లను మూయించాల్సి వచ్చింది. అక్కడి చిక్కు రంగొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉప్పును బొగ్గు పట్టుకోలేదు.

మొన్న ఇస్త్రీబండి దగ్గర నాలుగు బొగ్గులు అడిగి తెచ్చి, దంచి, సిరా కలిపిన గ్లాసుడు నీళ్లలో వేశాను. తెల్లారేసరికి పూర్తిగా తేటపడలేదు గానీ బాగా పలచబడింది. గుడ్డలో వడగట్టి గొప్పగా అమ్మకి చూపించాను. ఆవిడ గ్లాసు చూడలేదు, గుడ్డలోని నల్లటి ముద్దనే చూసింది.

“సిరా ఇందులోనే ఉందిగా? ఎక్కడ పారేస్తావురా దీన్ని?”