నెల్లూరు నుంచి మద్రాసుకు ఎంత దూరం? ఎంతసేపు?

నెల్లూరు నుంచి మద్రాసుకు విమానంలో ఎంతసేపు పడుతుంది? ఈ చిన్న ప్రశ్నలో మన తీరం చరిత్ర చాలానే ఉంది. ముందు లెక్క చూద్దాం.

నెల్లూరు 14.44 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మద్రాసు 13.08 మీద. తేడా 1.36 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున 151 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా మరో 31. రెండూ కలిపి ఏటవాలుగా లెక్కిస్తే 154 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఎగిరితే 18 నిమిషాల పైచిలుకు, అంతే!

ఈ డిగ్రీ కొలతకీ మద్రాసుకీ సంబంధం ఉంది. 1802లో విలియం లాంబ్టన్ అక్కడి సెయింట్ థామస్ కొండ దగ్గర ఉక్కు గొలుసుతో నేల కొలవడం మొదలుపెట్టాడు. డిగ్రీ అంటే నేల మీద ఎంత దూరమో తేల్చడం ఆయన లక్ష్యాల్లో ఒకటి.

అయితే మనుషులు గీత గీసినట్టు ప్రయాణం చెయ్యరు కదా! రైలు రాకముందు మన తీరానికి పెద్ద దారి బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలై, అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగింది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు. కృష్ణపట్నం నుంచి మద్రాసుకు నేరుగా చూసినా 130 కిలోమీటర్లు. బరువు లాగే మనిషి గంటకు మూడు కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే, నడకే 43 గంటలు. మధ్యలో తిండి, నిద్ర వేరే. శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళింది ఈ కాలువ మీదే.

1899లో విజయవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయింది. రోజుల ప్రయాణం గంటల్లోకి వచ్చింది. కాలువ మీద బతికినవాళ్ళ పని మెల్లగా తగ్గిపోయింది.

ఇక శ్రీహరికోట. అక్కడినుంచే 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. కక్ష్యలో వేగం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైమాటే. అంటే మన 154 కిలోమీటర్లు సుమారు 20 సెకన్లు! కానీ ఆ కేంద్రం కోసం దీవిలోని యానాది కుటుంబాలను బయటకు తరలించారు. తరతరాలుగా తేనెకీ దుంపలకీ నడిచి వెళ్ళిన అడవి వాళ్ళకి దూరమైంది. ఆ దూరాన్ని ఏ డిగ్రీల్లో కొలుద్దాం?

ఇంకో విచిత్రం చూడండి. రాకెట్లు ఎగిరే ఈ తీరంలో నెల్లూరు నుంచి ప్రయాణికుల విమానం లేదు. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ళుగా వింటున్నాం. ఉత్తరాన ఉన్న హైదరాబాదుకి విమానం ఎక్కాలన్నా, మనం ముందు దక్షిణానికి, తిరుపతికో మద్రాసుకో పోవాలి. ఆ 18 నిమిషాలు కాగితం మీదే అన్నమాట.

అందుకే నేననేది, దూరం లెక్క ఎవరు వేసినా ఒకటే. కాలం లెక్క మాత్రం ఎవరికి ఏ దారి దొరికిందన్నదాన్ని బట్టి మారిపోతుంది. దారి వేసినప్పుడల్లా అది ఎవరికి దగ్గరైందో, ఎవరికి దూరమైందో కూడా చూడాలి.

మళ్ళీ కలుద్దాం. సెలవు.