గవాచి పోయింది, పొగ మిగిలింది



1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత ఎటు పడినా అప్పటి ఇళ్లు ఒకటే తీరు: మట్టి మిద్దె, పైన చౌడు మన్ను, వంటింటి కప్పులో గవాచి.

ఆ ఇళ్లలో అంతా ఆరోగ్యమేనని చెప్పను. కట్టెలు, పిడకల పొగలోని సన్నని మసి మన అవ్వల కళ్లనూ ఊపిరితిత్తులనూ తినేసింది. గవాచి కొంత పొగనైనా బయటికి పంపేది. పండగకు కొట్టే సున్నం తడిమీద ఘాటైన క్షారం, బూజును బతకనివ్వదు. ఆరేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నపురాయిగా మారుతుంది, ఘాటు పోతుంది. ఏటేటా మళ్లీ కొట్టడంలో ఇదీ ఒక మేలు.

ఇప్పుడు స్లాబు, గ్యాసు వచ్చాయి. గవాచి పోయింది. 2018లో అమెరికాలోని ఆస్టిన్‌లో శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ గృహంలో వంట చేసి, నేల తుడిచి, గాలిని కొలిచారు. వంటతో సన్నని కణాలు పెరిగాయి. బ్లీచుతో తుడిస్తే క్లోరిన్ సమ్మేళనాలు గాలిలో కలిశాయి.

మన ఒంటి నుంచి రాలే సూక్ష్మజీవులు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం హాని చేయవు. వాటి మీద యుద్ధం అక్కర్లేదు.

ఉగాదికి ఇల్లు కడిగేటప్పుడు బ్లీచింగు, బాత్రూము యాసిడ్ కలపొద్దు. విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది. కడిగేటప్పుడూ వండేటప్పుడూ కిటికీలు తెరవండి. ఇప్పుడు మనకు గవాచి అవే.