అల్లూరికి తుపాకులు ఎక్కడివి? మనకి తుపాకీ హక్కు ఎందుకు లేదు?

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. అల్లూరి సీతారామరాజుకి తుపాకులు ఎక్కడి నుంచి వచ్చాయి? 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తెచ్చుకున్నారు. స్టేషన్లకే ఎందుకు వెళ్ళారు? ఎందుకంటే తుపాకులు సర్కారు దగ్గర ఉన్నాయి, జనం దగ్గర లేవు. అలా ఉండేట్టు ఒక చట్టమే చేసి పెట్టారు.

అదే 1878 ఆయుధాల చట్టం. తెచ్చింది వైస్రాయ్ లిట్టన్. 1857 తిరుగుబాటు భయం తెల్లవాళ్ళకి ఇంకా పోలేదు. అదే ఏడాది దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆయనే తెచ్చాడు. తర్వాత వచ్చిన రిపన్ పత్రికల చట్టాన్ని రద్దు చేశాడు గానీ, ఆయుధాల చట్టం అలాగే ఉండిపోయింది. మనవాళ్ళకి లైసెన్స్ కావాలి, యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. మనవాళ్ళని ఎక్కువ మండించింది ఆ తేడానే.

గాంధీగారు కూడా ఈ చట్టాన్ని గట్టిగా తిట్టారు. ఆ మాట ఇప్పుడు వాట్సాప్‌లో తుపాకీ బొమ్మ పక్కన తిరుగుతోంది. కానీ ఆయన దాన్ని 1918లో, బ్రిటిష్ సైన్యంలో చేరమని జనాన్ని అడుగుతున్నప్పుడు అన్నారు. ఈ సంగతి ఆ ఫార్వర్డ్‌లో ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానం చేసింది. అందులో నిబంధనలకి లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ఉంచుకునే హక్కు అని రాశారు. మరి స్వాతంత్ర్యం వచ్చాక? 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఆ హక్కునే చేర్చమని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. దాన్ని హక్కుగా రాస్తే నేరస్థులు కూడా అదే హక్కు అడుగుతారన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. చివరికి 19వ అధికరణంలో సభ పెట్టుకునే హక్కు పక్కనే "ఆయుధాలు లేకుండా" అన్న షరతు వచ్చి కూర్చుంది.

ఢిల్లీలో ఈ మాటలు నడుస్తున్న రోజుల్లో తెలంగాణలో ఏం జరుగుతోందో చూడండి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్యని దొర మనుషులు కాల్చి చంపారు. జనం మొదట కర్రలు, వడిసెలలు పట్టుకున్నారు, తర్వాత తుపాకులు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనం ఊరి బురుజు మీద నుంచి రజాకార్లని ఎదుర్కొన్నారు. ఆ ఊరు ఘోరంగా బలైపోయింది. అక్కడ సర్కారే రజాకార్ల పక్షాన ఉంది, ఇక వాళ్ళు ఏ స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు చేయాలి?

సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఇక తుపాకులు దించమంది కొత్త ప్రభుత్వం. దించితే దొర తిరిగొచ్చి భూమి లాక్కుంటాడని రైతుకి భయం. పార్టీలోనే చీలిక వచ్చింది, రావి నారాయణరెడ్డిగారు పోరాటం ఆపేద్దామన్నారు. ఆగింది మాత్రం 1951 అక్టోబర్‌లో. ఈలోగా ఎంతోమంది చనిపోయారు. కొన్ని నెలలకే ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డిని నల్గొండ జనం నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు.

నాకు అర్థమైంది చెప్తాను. అంబేద్కర్ భయం నిజమే. తుపాకీ అందరికీ హక్కంటే ముందు కొనుక్కునేది కూలీ కాదు, దొర. బైరాన్‌పల్లి భయం కూడా అంతే నిజం. మన చట్టంలో ఆత్మరక్షణ హక్కు ఉంది, తుపాకీ హక్కు లేదు. అంటే 1948లో మనం రాజ్యంతో ఒక ఒప్పందం చేసుకున్నాం: తుపాకీ నీ దగ్గరే ఉండనీ, కానీ మమ్మల్ని కాపాడే పూచీ కూడా నీదే. మొదటి సగం మనం పాటిస్తున్నాం. రెండో సగం గురించి అడుగుతూ ఉండటం మన పని.

మీరేమంటారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.