లేజర్ తగిలిన కన్ను: రెటీనా ఎంతవరకు మానుతుంది?

ఈద్‌కు పిల్లలు ముచ్చటపడి కొనుక్కునే లేజర్ పెన్ను చూడటానికి ఆటవస్తువే. కానీ ఆ కాంతి టార్చిలైటులా చెదిరిపోదు. సన్నని గీతలా కంట్లోకి వెళుతుంది. కార్నియా, లెన్సు కలిసి దాన్ని ఇంకా కుదించి, వెనకున్న రెటీనా (కంటి తెర) మీద చిన్న చుక్కగా చేరుస్తాయి. అక్కడ కాంతి తీవ్రత దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది.

1 మిల్లీవాట్ లోపు లేజర్ అయితే, పావు సెకనులో పడే రెప్పే కన్నును కాపాడుతుంది. వందల మిల్లీవాట్లయితే రెప్ప పడేలోపే నష్టం జరిగిపోవచ్చు. చౌక పెన్నుల్లో లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువ శక్తి ఉన్నవి చాలానే దొరుకుతాయి, ఆ అంకెను నమ్ముకోలేం.

రెటీనాలో నొప్పి తెలిపే నరాలు లేవు. అందుకే పిల్లవాడు ఏడవకపోవచ్చు, పైకి కన్ను బాగానే కనిపిస్తుంది. చూపు మధ్యలో మచ్చ, తిన్నని గీతలు వంకరగా కనిపించడం, చదువుతుంటే అక్షరాలు మాయమవడం దీని గుర్తులు. తిడతారనే భయంతో పిల్లలు దాచేస్తారు కూడా.

ఇక మానడం సంగతి. వేడిని ఎక్కువగా పీల్చుకునేది రెటీనా అడుగునున్న నల్లని రంగు పొర. గాయం చిన్నదైతే చుట్టుపక్కల కణాలు జరిగి, పెరిగి ఆ ఖాళీని కప్పేస్తాయి. వాపు తగ్గేకొద్దీ వారాల్లో, నెలల్లో చూపు కొంత మెరుగవుతుంది. కానీ కాంతిని పట్టుకునే కణాలు చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. జీబ్రాఫిష్ అనే చిన్న చేపలో పుడతాయి! మన కంట్లో ఆ చోట మచ్చ మిగులుతుంది. అది రెటీనా నడిమధ్యన, ఫోవియాలో పడితే చదువుకే ఇబ్బంది. కొందరికి తర్వాత అక్కడ రంధ్రం పడవచ్చు, కొత్త రక్తనాళాలు మొలవవచ్చు. మొదటిదానికి ఆపరేషన్ అవసరం కావచ్చు, రెండోదానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తారు.

సుర్మా, గులాబ్ జల్ రెటీనా దాకా చేరవు. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టరు దగ్గర ఓసీటీ స్కాన్ చేయించాలి. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇది చదివి ఆసుపత్రిలో చేసే లేజర్‌కు భయపడనక్కర్లేదు. అక్కడ డాక్టరు కొలత ప్రకారం, ఎక్కువగా రెటీనా అంచుల్లో చిన్న చిన్న కాలిన చుక్కలు పెడతారు. మధ్యనున్న చూపును కాపాడటానికే అది.